నెలలు నిండేదాకా

ఎక్కడో సముద్రానికి ఆవల అడవులు తగలబడి, మలాయ్ దేశంలోని బంటింగ్ ఊరి మీద పొగ కమ్ముకున్న రోజుల్లో నాగవల్లి కాళ్ళు వాచడం మొదలైంది. పొద్దున ఫ్యాక్టరీ బూట్లు తొడుక్కోబోతే పాదం లోపలికి పోలేదు. నిలబడి పని చేసిన వాపే అనుకుని, తాళ్ళు వదులు చేసుకుని బస్సెక్కింది. సాయంత్రం ఇంటికొచ్చి బూటు విప్పి పాదం మీద బొటనవేలితో నొక్కితే గుంట పడింది. ఆ గుంట ఎంతసేపటికీ పూడలేదు. దాన్నే చూస్తూ కూర్చుంది. వాకిట్లో భర్త లారీ ఆగిన చప్పుడు వినబడగానే నైటీ అంచు పాదాల మీదికి లాక్కుంది.

దాచాలని అనుకుని చేసిన పని కాదది. కానీ దాచడం ఆ సాయంత్రమే మొదలైంది.

నాగవల్లి పుట్టింది బంటింగ్ అవతల ఒక ఎస్టేటులో. ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రబ్బరు చెట్ల కిందికి వచ్చినవాళ్ళు. రబ్బరు పోయి పామాయిలు వచ్చింది. తర్వాత ఎస్టేటే పోయి అక్కడ మేడలు లేచాయి. కూలీల లైన్ల ఇళ్ళు ఖాళీ చేసి వాళ్ళ కుటుంబం ఊళ్ళోకి వచ్చినప్పుడు నాగవల్లికి పద్దెనిమిదేళ్ళు. ఆ ఏడే ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో చేరింది. చేతులు చురుకు. వేడి వేడి మూతలు పట్టుకుని అంచులు గీకే పనిలో తనకన్నా ముందు చేరినవాళ్ళని దాటేసింది. పామాయిల్ గెలలు తోలే లారీ డ్రైవర్ రవిచంద్రన్‌తో పెళ్ళయ్యాక కూడా పనికి వెళ్తూనే ఉంది. పెద్దది మాలిని కడుపున పడ్డాక మానేసింది.

ఎవరూ బలవంతపెట్టలేదు. అత్త పోలమ్మకి చూపు సరిగా ఆనేది కాదు. రవిచంద్రన్ ఏ వేళకి వస్తాడో ఏ వేళకి పోతాడో తెలిసేది కాదు. మాలిని తర్వాత కిశోర్‌కుమార్ పుట్టాడు. వాడికి పుట్టుకతోనే ఉబ్బసం. వానాకాలం వస్తే వాడి రొమ్ము పిల్లి గురకలా శబ్దం చేసేది. వాణ్ణి ఒకరి చేతికిచ్చి పోవడం నాగవల్లి వల్ల కాలేదు. వాడు తేరుకునేసరికి కవిన్ పుట్టాడు.

ఎలాగూ ఇంట్లో ఉంటుంది కదా అని, చుట్టుపక్కల ఆడవాళ్ళు షిఫ్టుకు పోతూ పోతూ తమ పిల్లల్ని ఆమె గుమ్మంలో దింపేవారు. అలా దింపినవాళ్ళలో రుక్మణి ఒకతె. నాగవల్లి కన్నా చిన్నది. ఒకప్పుడు అదే ఫ్యాక్టరీలో నాగవల్లి దగ్గర పని నేర్చుకున్నది. రుక్మణి కూతురికి మొదటి అన్నం ముద్ద పెట్టింది నాగవల్లి. అడుగులు నేర్పిందీ ఆమే. రుక్మణి ఇచ్చే కాస్త డబ్బు పాలకీ బియ్యానికీ సరిపోయేది. రుక్మణి ఒక్క రోజు నాగా పెట్టకుండా పనికి పోయి పోయి చివరికి లైన్ లీడర్ అయింది.

కవిన్ స్కూలు చదువు ఆఖరికి వచ్చాక నాగవల్లి మళ్ళీ పనికి పోతానంది. పోలమ్మ అప్పటికి పోయింది. ఈపీఎఫ్‌లో ఉన్న కాస్తా కోవిడ్ ఏడాది తీసుకుని తినేశారు. రవిచంద్రన్‌కి నడుం పట్టేసి లారీ దిగడానికి మెట్టు వెతుక్కునే రోజులొచ్చాయి. ఎవరి లారీనో రోజుకూలికి తోలే మనిషికి పెన్షనూ లేదు, గిన్షనూ లేదు. రుక్మణి ఆఫీసులో చెప్పి నాగవల్లిని కాంట్రాక్టు మీద పెట్టించింది. ఏడాదికోసారి కొనసాగిస్తారు, లేదా చాలంటారు.

వళ్ళియమ్మై అనే ఆవిడ అంతకు ఆరేడు నెలల ముందే అలా చేరింది. తమిళావిడ. ఫ్యాక్టరీ బస్సులో పక్క సీటు. నలుగురు పిల్లల్ని పెంచి, చాలా ఏళ్ళ తర్వాత తిరిగి పనికొచ్చినావిడే. కొన్ని నెలలకే వళ్ళియమ్మైకి గుండె జబ్బని తేలింది. సెలవు మీద సెలవు పెట్టింది. ఏడాది తిరిగాక ఆమె కాంట్రాక్టు కొనసాగలేదు. ఆమె సీటు కొన్నాళ్ళు ఖాళీగానే ఉండేది. ఎందుకో ఎవరూ అందులో కూర్చునేవారు కాదు.

ఒక ఆదివారం నాగవల్లి చూడ్డానికి వెళ్ళింది. వళ్ళియమ్మై గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది.

"సొక్సో బీమావాళ్ళు జబ్బు పెన్షను ఇవ్వలేరంట" అంది తమిళంలో, ఎవరో మూడో మనిషి సంగతి చెప్తున్నట్టు. "చిన్నప్పుడు కట్టింది చాలా పాతదైపోయింది. ఇప్పుడు కట్టింది చాలదు. మధ్యలో ఏం చేశావు అని అడిగారు. పిల్లల్ని పెంచానన్నాను. అది లెక్కలో లేదు కదమ్మా అన్నారు. పాపం మంచిగానే చెప్పారు."

ఆ మాట నాగవల్లి వెంట ఇంటిదాకా వచ్చింది. వళ్ళియమ్మై ఆ దీపావళి చూడలేదు.

అందుకే కాళ్ళు వాచినప్పుడు నాగవల్లికి మొదట గుర్తొచ్చింది ఆ ఖాళీ సీటు.

మూత్రంలో నురగ కనిపించాక భయమేసి సర్కారు క్లినిక్‌కి పోయింది. రక్తం తీశారు. వారం పోయాక మళ్ళీ పిలిచారు. కుర్ర డాక్టరు కంప్యూటర్ తెర వైపు చాలాసేపు చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని, బీపీ ఎన్నాళ్ళుగా ఉందో ఆమెకే తెలీలేదని చెప్పాడు. క్లాంగ్ పెద్దాసుపత్రికి వెళ్ళాలి, నెలనెలా చూపించుకోవాలి. ఇప్పుడే జాగ్రత్తపడితే చాలా కాలం నెట్టుకు రావచ్చు. "నొప్పి మాత్రలు మాత్రం ముట్టుకోవద్దు" అని రెండుసార్లు చెప్పాడు.

నాగవల్లి క్లాంగ్ వెళ్ళింది. కానీ ఆసుపత్రికి కాదు, సొక్సో ఆఫీసుకి. స్నేహితురాలి కోసం అడుగుతున్నానంది. కౌంటరు దగ్గర మలాయ్ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. పని చేయలేని జబ్బు వస్తే పెన్షను దొరకాలంటే, అడిగే ముందు మూడేళ్ళ పైచిలుకులో రెండేళ్ళ చందా పడి ఉండాలి. అది లేకపోతే, మొట్టమొదట పనిలో చేరిన నాటి నుంచి ఇప్పటిదాకా ఉన్న నెలల్లో కనీసం మూడో వంతైనా కట్టి ఉండాలి. డయాలిసిస్ సాయానికీ ఇదే దారి.

"మీ స్నేహితురాలు మధ్యలో చాలా ఏళ్ళు ఆపేశారా, కాక్?" అంది, అక్కా అని మలాయ్‌లో పిలుస్తూ.

"పిల్లలు" అంది నాగవల్లి.

ఆ అమ్మాయి తల ఊపింది. "నాకూ ఇద్దరు" అంది. ఇప్పుడు ఇంట్లో ఉండే ఆడవాళ్ళకీ ఒక పథకం వచ్చిందని, వెనకటి ఏళ్ళకి అది పనికిరాదని చెప్పింది. లేవబోతుంటే ఆపి, "జబ్బుంటే వైద్యం మాత్రం ఆపొద్దని చెప్పండి. అది వేరు, ఇది వేరు" అంది.

బస్సులో తిరిగొస్తూ నాగవల్లి వేళ్ళు మడుచుకుంటూ కూర్చుంది. మూడో వంతు ఈ జన్మకి అందదు. రెండేళ్ళు కావాలంటే ఇంకా ఏడాది పైనే ఉంది. నెలనెలా క్లాంగ్ పోతే సెలవులు పెట్టాలి. సెలవులు పెడితే ఎందుకని అడుగుతారు. తర్వాత వళ్ళియమ్మై సంగతే. కౌంటరు అమ్మాయి ఆఖరి మాట చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు.

"ఏటన్నాడు డాట్రు?" అని రవిచంద్రన్ అడిగాడు ఆ సాయంత్రం.

"బీపీ అన్నాడు. ఉప్పు తగ్గించమన్నాడు."

"అంతేనా?"

"అంతే లా" అంది, అక్కడివాళ్ళంతా మాట చివర తగిలించే ఆ 'లా'తో తేల్చేస్తూ. "నువ్వు అన్నం తిను మావా."

మొదటి ఏడాది కాంట్రాక్టు కొనసాగింది. ఆ రోజు నాగవల్లి గుళ్ళో కొబ్బరికాయ కొట్టింది. అప్పటికి చిన్న పనికే ఆయాసం వస్తోంది. కాళ్ళు సలుపుతుంటే నిలబడలేక, మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని బ్రా మడతలో పెట్టుకుని పోయేది. డాక్టరు వద్దన్న మాత్రలు అవే. వేసుకున్న పూట లైను మీద ఎప్పటిలా చేతులు ఆడేవి. పొద్దున్నే మొహం ఉబ్బి ఉండేది. నోట్లో ఎప్పుడూ ఇనుము నాకినట్టు ఒక రుచి. పులుసులో చింతపండు పడిందో లేదో తెలిసేది కాదు.

లైన్ లీడర్ కళ్ళు కప్పడం ఎంతకాలం? ఒక రోజు బ్రేకులో రుక్మణి ఆమెను గోడౌన్ వెనక్కి తీసుకుపోయింది.

"అక్కా, నిజం సెప్పు. నీ ఒంట్లో ఏటుంది?"

"ఏటీ నేదు."

"నాను సూస్తన్నాను. డబ్బా ఎత్తితే వగరుస్తన్నావు. మొన్న మెషిన్ కాడ గోడ పట్టుకుని నిలబడిపోయినావు. రేపు అందులో సెయ్యి పెట్టి పడిపోతే ఏటౌతాది? ఆఫీసుకి నాను సెప్పాల."

నాగవల్లి చుట్టూ చూసింది. అన్నీ చెప్పింది. మూత్రపిండాలు, క్లాంగ్, వళ్ళియమ్మై, రెండేళ్ళు. రుక్మణి మొహం పాలిపోయింది.

"అయితే ఇంకా సెప్పాల అక్కా. ఇది సిన్న జబ్బు కాదు."

"రుక్కూ" అంది నాగవల్లి. "నీ గుంటకి జొరం వొచ్చిన రోజుల్లో నీకు ఎప్పుడైనా ఫోను సేసినానా? పని పాడైపోద్దని నానే బుజానేసుకుని తిరిగినాను. నువ్వు నాగా పెట్టని నెలలన్నీ నా ఇంట్లోంచి ఎల్లినవే. వాటిల్లో కొన్ని నాకు ఇచ్చీ. నోరు మూసుకో. అంతే నానడిగేది."

ఇన్నేళ్ళలో నాగవల్లి ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తాక, అది బతిమాలినట్టు లేదు, బెదిరించినట్టుంది. రుక్మణి లైను మీదికి తిరిగి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి నాగవల్లికి కూర్చుని లేబుళ్ళు అంటించే పని ఇచ్చింది. ఆఫీసులో ఏమీ చెప్పలేదు. కానీ అప్పట్నుంచి నాగవల్లి కళ్ళలోకి చూసి మాట్లాడలేదు.

ఆ నెలలోనే మాలిని వచ్చింది. సైబర్‌జయలో ఒక కంపెనీలో కస్టమర్లతో ఫోనులో మాట్లాడే ఉద్యోగం. భర్తదీ అక్కడే పని. తెలుగు అర్థమవుతుంది గానీ మాటల మధ్య తమిళం, ఇంగ్లీషు దొర్లుతాయి. వస్తూనే తల్లిని కౌగిలించుకుని, తనకి మూడో నెల అని చెప్పింది. తర్వాత వెనక్కి జరిగి చూసింది.

"ఏన్‌మా, ఫేస్ అంతా ఉబ్బింది?"

"నిద్ర చాల్లేదు. షిఫ్టు కదా."

"పని వద్దు లా అమ్మా. బేబీ పుడితే నువ్వే చూసుకోవాలి. నర్సరీ ఎంత అడుగుతున్నారో తెలుసా? నువ్వు ఉంటేనే నేను జాబ్‌కి పోగలను."

"నాను కాక ఎవులు సూస్తారే" అంది నాగవల్లి, ఆమె పొట్ట మీద చెయ్యి వేసి. నవ్వింది కూడా. లోపల మాత్రం ఒకటే లెక్క నడుస్తోంది. కూతురికి నెలలు నిండేదీ, తనకి చందా నెలలు నిండేదీ ఇంచుమించు ఒకేసారి.

తర్వాతి నెలలు ఎలా నడిచాయో నాగవల్లికి వరసగా గుర్తులేదు. పడుకుంటే ఊపిరాడేది కాదు. గోడకి దిండు ఆనించుకుని కూర్చునే కునుకు తీసేది. ఒళ్ళంతా దురద. వీపు గోక్కుని గోక్కుని నైటీకి రక్తపు చారలు అంటేవి. అవి ఉతికేసి ఎవరూ లేవకముందే ఆరేసేది. విమానాశ్రయం వైపు దిగే విమానాలు ఇంటి కప్పు మీదుగా పోతుంటే ఆ మోత చెవుల్లోంచి కాక గుండెలోంచి వస్తున్నట్టుండేది.

ఒక తెల్లవారుజామున రవిచంద్రన్ లేచి ఆమె ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"వల్లీ, నువ్వు పడుకుని ఎన్నాళ్ళయినాదో నాకు తెల్సు. ఇంక దాయకు."

చెప్పేసింది. అంతా విన్నాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వాకిట్లో నిలబెట్టిన లారీ వంక చూశాడు. పద ఆసుపత్రికి, అని రెక్క పట్టుకుని లేపుతాడని నాగవల్లి అనుకుంది. లేపితే ఈసారి ఎదురుచెప్పే ఓపిక కూడా లేదామెకి.

"ఇంకా ఎన్ని నెలలు?" అన్నాడు.

నాగవల్లికి ఒక్క క్షణం బరువు దిగినట్టయింది. ఆ వెంటనే, ఇన్నాళ్ళూ లేని భయం పుట్టింది. చెప్పింది. అతను తలాడించి లేచి, ఆమెకి టీ కలిపి ఇచ్చాడు. అప్పట్నుంచి రోజూ బస్సు దాకా మోటార్‌బైక్ మీద అతనే దింపేవాడు. దారిలో ఇద్దరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

నెలలు నిండాయి. ఆఖరి నెల జీతం పడ్డాక కూడా నాగవల్లి, ఎందుకైనా మంచిదని, ఇంకో నెల చేసింది. ఆ నెలలోనే అన్నం చూస్తే వాంతి రావడం మొదలైంది. జీతం వచ్చిన మర్నాడు రవిచంద్రన్ ఆమెను క్లాంగ్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. అద్దె కారు దిగి తలుపు దాకా తన కాళ్ళ మీదే నడిచింది. లోపల కుర్చీలో కూర్చోగానే చుట్టూ ఉన్న గొంతులు దూరమైపోయాయి.

కళ్ళు తెరిచేసరికి మెడ దగ్గర గొట్టం ఉంది. మంచం పక్కన యంత్రంలో తన రక్తం తిరుగుతోంది. తమిళం మాట్లాడే డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చింది. కోపం లేదు, అలసటగా అడిగింది.

"ముందు ఎవరూ చెప్పలేదా మీకు?"

"లేదు" అంది నాగవల్లి.

"చెప్పారమ్మా. కంప్యూటర్లో ఉంది. అప్పటికి కిడ్నీలు సగానికి పైగా బాగానే ఉన్నాయి." చేతిలో చార్టు మంచం కొసన తగిలించింది. "ఇక ఇవి తిరిగి రావు. వారానికి మూడుసార్లు రావాలి, ఎప్పటికీ."

పెన్షను వచ్చింది. ఎవరూ అడ్డుపెట్టలేదు. డాక్టర్ల బోర్డు చూసింది, అర్హత ఉందంది. బంటింగ్‌లోనే డయాలిసిస్ కుదిరింది. నెలనెలా పడే సొమ్ము బియ్యానికీ కరెంటుకీ సరిపోతోంది. పిల్లల ముందు చెయ్యి చాపక్కర్లేదు. నాగవల్లి కోరుకున్నదీ అదే.

రుక్మణి ఒకసారి వచ్చింది. ఆరెంజి పళ్ళు తెచ్చి, కిడ్నీ జబ్బుకి అవి పనికిరావని తెలిసి సంచీ ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

"నాను సెప్పేసుంటే నువ్వు బాగుండేదానివి అక్కా" అంది చివరికి.

నీ తప్పేటి నేదు అనాలని నాగవల్లికి తెలుసు. ఎదురుగా కూర్చున్న మనిషి ఆ మాట కోసమే వచ్చిందనీ తెలుసు. కానీ ఆ పూట యంత్రం దగ్గర్నుంచి వచ్చిన నీరసంలో, ఆ మాట నోటిదాకా రాలేదు. రుక్మణి సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

మాలినికి ఆడపిల్ల పుట్టింది. పురిటి సెలవు బంటింగ్‌లోనే గడిపింది. డయాలిసిస్ కోసం నాగవల్లి ఎడమ చేతికి రక్తనాళం కలిపే ఆపరేషన్ చేశారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. కుడి చేత్తో మనవరాలిని ఒళ్ళో జార్చుకుని పట్టుకునేది. రెండు నిమిషాలకే నుదుట చెమట పట్టేది. మాలిని వచ్చి పిల్లని మెల్లగా తీసుకునేది.

సెలవు అయిపోయే వారం, పొద్దున్నే మాలిని పిల్లకి పాలిస్తూ అంది, "అమ్మా, నేను జాబ్ మానేస్తున్నా."

"మానకు" అంది నాగవల్లి. అంత గట్టిగా అన్నందుకు పిల్ల ఉలిక్కిపడింది.

"మరి బేబీని ఎవరు చూస్తారు? ఆయన జీతంలో నర్సరీ, కారు, ఇల్లు, ఎలా అవుతుంది? నీకు చేతకాదు కదా." అన్నాక నాలిక కరుచుకుంది. "అంటే, నిన్ను అనలేదు లా. కొన్నాళ్ళే. అది స్కూలుకి పోయాక మళ్ళీ చేరతాను."

నాగవల్లి కూతురి పక్కన కూర్చుంది. సొక్సో సంగతి చెప్పడానికి చూసింది. మధ్యలో ఆగిపోయే నెలల గురించి, మూడో వంతు గురించి, వళ్ళియమ్మై గురించి. మాలిని వింటూనే పిల్ల వీపు నిమిరింది. తర్వాత నవ్వింది, బాధపెట్టకూడదని నవ్వే నవ్వు.

"అమ్మా, నాకు ఇరవై ఆరే. నాకేం జబ్బు?"

ఆ కిటికీ వెలుతురులో నాగవల్లి కూతురి పాదాలు చూసింది. కాన్పు వాపు ఇంకా కాస్త మిగిలి ఉంది. కాన్పు వాపే. వంగి, బొటనవేలితో నొక్కింది.

"ఏటి సేస్తన్నావమ్మా?" అని తల్లి యాసలోనే ఎగతాళి చేసింది మాలిని.

గుంట పడింది. అది పూడుతోందో లేదో చూస్తుండగానే వీధిలో డయాలిసిస్ వ్యాను హారను కొట్టింది. రవిచంద్రన్ వచ్చి రెక్క పట్టుకుని లేపాడు. గుమ్మం దాటుతూ వెనక్కి చూసింది. మాలిని పిల్లని భుజానేసుకుని, ఖాళీగా ఉన్న చేత్తో ఫోనులో తన ఆఫీసుకి, పని మానేస్తున్నానని రాస్తూ ఉంది.